తలుపుకు ఆనించిన చీపురు

"నేనింకా చావలేదని ఈ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా?"

మాటతోపాటు చేతికర్ర నేలకేసి కొట్టిన చప్పుడు వాకిట్లోకి వినిపించింది. ఎల్నా సారికోస్కి తలుపు తట్టబోయి ఆగింది. స్నేహితురాలి కబురందుకుని తాంపెరె నుంచి పొద్దుటి బండికి వచ్చి, స్టేషన్ నుంచి చెరువు గట్టు వెంబడి నడిచి వచ్చింది. ప్రధానమంత్రి ఇంట్లో మొదట వినబడేది ఇలాంటి మాట అవుతుందని అనుకోలేదు.

"మనిషి లోపల మంచం మీద ఉండగా తలుపుకి చీపురు ఆనిస్తారా? ఇంట్లో ఎవరూ లేరని దారిన పోయేవాళ్ళకి చెప్పడానికి కదే ఆనించేది! మరి నేనెవర్ని? పిల్లినా?"

"అత్తయ్యా, నిన్నటి నుంచి చెబుతూనే ఉన్నాను. నేను పెట్టలేదు."

"అయితే చీపురే నడిచొచ్చి నిలబడిందా?"

"ఏమో, మీ కోడిపుంజుని అడగండి. ఈ ఇంట్లో అధికారమంతా దానిదేగా!"

"చూడు వెటకారం! వాడికి పదవి వచ్చింది, దీనికి నోరొచ్చింది."

ఎల్నా తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. వంటింట్లో జావ చల్లారిపోతోంది. ప్రధానమంత్రి భార్య హిల్యా పరుగున వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ తాంపెరె బడిలో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. తర్వాత ఎల్నా పదేళ్ళు పోలీసుశాఖలో ఆడవాళ్ళ, పిల్లల కేసులు చూసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి, సొంతంగా పరిశోధనలు చేస్తోంది.

"వచ్చావా! ఇల్లు కాలిపోతుంటే ఈవిడకి చీపురు గొడవ. రాత్రి నుంచీ ఇదే పాట."

"ఆ పాటే మళ్ళీ మొదట్నుంచి పాడు," అంది ఎల్నా కోటు విప్పుతూ.

"హాస్యాలకి ఇప్పుడా టైము?"

"హాస్యం కాదే. చీపురు ఎప్పుడు చూశారు?"

హిల్యా విసుగ్గానే చెప్పింది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తనూ భర్తా పాలేరూ పనిమనిషీ చర్చి పడవెక్కారు. ఈ ఒడ్డున ఉన్న ఇళ్ళవాళ్ళందరూ అదే పడవలో వెళ్తారు. అత్తగారు కూడా రావాల్సింది, కానీ తెల్లారేసరికి కాలు వాచిపోయింది. నొప్పి తెలియకుండా నిద్రపట్టే చుక్కల మందు వేసుకుని వెనక గదిలో పడుకుంది. మనిషి ఉంది కదా అని తలుపు ఊరికే దగ్గరికి వేసి వెళ్ళారు. రెండు దాటాక వచ్చి చూస్తే, వాకిట్లో మూలన ఉండాల్సిన బర్చి చెట్టు కొమ్మల చీపురు తలుపుకి అడ్డంగా ఆనించి ఉంది.

"తీసి మూలన పెట్టాను. పక్కింటి పిల్లల పని అనుకున్నాను. గంట తిరక్కుండా ఆ ఇన్‌స్పెక్టర్ దిగాడు. ఇక చీపురు ఎవరికి గుర్తుంటుంది?"

"నాకు," అంది ముసలావిడ.

ఆ ఇన్‌స్పెక్టర్ పేరు రూనార్ ఎక్‌మన్. మద్యనిషేధం అమలు చూసే అధికారి. ఇద్దరు పోలీసులతో వచ్చి, ఇంట్లోకి తొంగి చూడనైనా చూడకుండా తిన్నగా చెరువు ఒడ్డున ఉన్న సౌనాలోకి, అంటే ఆవిరిస్నానాల గదిలోకి, నడిచి, పైదూలం మీద నుంచి పది లీటర్ల రేకు డబ్బా దించాడు. దాని నిండా ఎస్టోనియా వైపు నుంచి దొంగతనంగా వచ్చే సారా. మద్యనిషేధాన్ని సభలో సమర్థించిన మనిషి ఇంట్లో! హెల్సింకి పేపర్లు సోమవారం పొద్దున్నే ఆ వార్తతోనే తెల్లారాయి.

ప్రధానమంత్రి ఈలిస్ హొంకసాలోగారు ముందు గదిలో కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నలభై మూడేళ్ళ మనిషి. పొలం పని చేసిన భుజాలు, బడిపంతులు కళ్ళజోడు. పక్కన కుర్చీలో ఆయన కార్యదర్శి ఆర్వీ తాలస్, ఒళ్ళో తోలుసంచితో కూర్చుని ఉన్నాడు. ముప్పై లోపు వయసు, నున్నగా దువ్విన తల. ఎల్నాని చూసి మర్యాదగా లేచాడు.

"నేనూ పొద్దుటి బండికే వచ్చానండీ. వార్త వినగానే హెల్సింకి నుంచి బయల్దేరాను."

"కొంచెంసేపు వారితో ఒంటరిగా మాట్లాడాలి."

ఆర్వీ సంచి తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

"మీ శత్రువులెవరో చెప్పండి," అంది ఎల్నా.

ఈలిస్ నవ్వారు. "ఎక్కడ మొదలెట్టమంటారు? నా పంతొమ్మిదో ఏట మమ్మల్ని కౌలుగుడిసెలోంచి మంచులోకి వెళ్ళగొట్టిన భూస్వామి దగ్గరా? పంతొమ్మిది వందల పద్దెనిమిదిలో అంతర్యుద్ధమప్పుడు ఎర్రవాళ్ళు నన్ను తెల్లవాడన్నారు, తెల్లవాళ్ళు ఎర్రవాడన్నారు. బడిలో పాఠాలు చెప్పినంతకాలం ఎవరికీ బెడద లేదు. పాల సహకార సంఘం పెట్టాను, వర్తకులకి కోపం. వ్యవసాయ మంత్రినయ్యాను, బ్యాంకులవాళ్ళకి కోపం. ఎనిమిది నెలల కింద ప్రధానమంత్రినయ్యాను. ఇప్పుడు లెక్క పెట్టడం మానేశాను."

"రేపు సభలో ఏం జరగాలి?"

ఆ మాటకి ఆయన నవ్వు ఆగిపోయింది. "అప్పు తీర్చలేని చిన్నరైతుల ఇళ్ళు వేలం వెయ్యకుండా ఆపే చట్టం ఓటుకొస్తుంది. గెలుస్తుంది, కొద్దిలో. కానీ నా పేరు మీద సారా డబ్బా వేలాడుతుంటే మా పక్షంవాళ్ళే కొందరు తప్పుకుంటారు. నేను ఈ రాత్రికే తప్పుకుంటే కొత్త మంత్రివర్గం దాన్ని ఏ శరత్కాలానికో మళ్ళీ చూస్తామంటుంది. అప్పటికి ఎన్ని ఇళ్ళు పోతాయో!"

"మరి తప్పుకోకండి."

"తప్పుకోమంటున్నారు అందరూ. ఆర్వీ కాగితం టైపు చేసి తెచ్చాడు కూడా. నేరస్తుడని అనిపించుకుని దిగేకన్నా ముందే దిగడం పరువంటాడు."

"సంతకం పెట్టారా?"

"రాత్రి హెల్సింకి బండిలో పెడతానన్నాను."

"అంతవరకూ కలం ముట్టకండి," అని ఎల్నా లేచింది.

*

సౌనా గుమ్మంలో ఎక్‌మన్ ఎదురయ్యాడు. చేతితొడుగులు, మెరిసే బూట్లు.

"ఓహో, సారికోస్కిగారు! తాగుబోతుల పెళ్ళాల తగవులు తీర్చడం అయిపోయి ప్రధానమంత్రుల దాకా వచ్చారన్నమాట."

"రెండూ ఒకటేనండీ. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుండాలో తెలిస్తే చాలు. డబ్బా చూడొచ్చా?"

"చూడండి. ముట్టుకోకండి."

పొగ గొట్టం లేని పాతకాలపు సౌనా అది. రాళ్ళ పొయ్యి రగిలించినప్పుడు పొగంతా గదిలోనే తిరిగి గోడ కంతలోంచి పోతుంది. గోడలూ దూలాలూ కాటుకలా నల్లగా ఉన్నాయి. ఎల్నా బెంచీ ఎక్కి డబ్బా దొరికిన దూలం పైకి చూసింది. తర్వాత గుమ్మం దగ్గర గోనె మీద పెట్టిన డబ్బా చుట్టూ తిరిగింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, డబ్బా నెత్తిన మసి ఎక్కడ?"

"అంటే?"

"శనివారం మధ్యాహ్నమంతా ఈ పొయ్యి మండింది. డబ్బా అప్పటికే పైన ఉంటే దాని నెత్తి నల్లబడాలి, కింద దూలం మీద తెల్లగా అచ్చుపడాలి. ఇక్కడ నెత్తి తళతళలాడుతోంది, దూలం మీద పేరుకున్న మసి డబ్బా పెట్టిన చోట నలిగి ఉంది. పైగా ఆ సెగకి రేకు ఉబ్బి, పగిలి, మీ ప్రధానమంత్రి సారాలోనే స్నానం చేసేవారు. ఇది శనివారం స్నానాలయ్యాక పెట్టింది."

ఎక్‌మన్ బుగ్గలు ఎర్రబడ్డాయి. హెల్సింకిలో పెరిగిన మనిషి, పింగాణీ తొట్టి స్నానాలకి అలవాటుపడ్డవాడు. అయినా తేరుకున్నాడు. "కావచ్చు. అయితే ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళేముందు ఆయనే పెట్టారు. సరేనా?"

"చర్చి బట్టల్లోనా? చెయ్యి చాస్తే చొక్కా మోచేతి దాకా నల్లబడుతుంది ఇక్కడ. హిల్యా ఉతకబోయే బట్టలు చూశాను. తెల్లగా ఉన్నాయి."

"ముందు పెట్టి, తర్వాత బట్టలు మార్చుకున్నారు. మీ సాక్ష్యం చాకిరేవుదాకా వచ్చి ఆగింది."

ఆ మాట నిజమే. ఎల్నా ఒప్పుకుంటున్నట్టు తలూపింది. "మీకు కబురు ఎవరిచ్చారు?"

"అది చెప్పాల్సిన పని లేదు."

"పేరు అడగట్లేదు. ఫోన్ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఎక్‌మన్ కాసేపు చేతితొడుగు వేళ్ళు లాక్కుంటూ నిలబడ్డాడు. గర్విష్ఠే గానీ అబద్ధాలకోరు కాడు. "ఈ స్టేషన్ ఎక్స్‌చేంజి నుంచే. మధ్యాహ్నం పన్నెండున్నరకి. పేరు చెప్పలేదు. మగగొంతు. సౌనా, పైదూలం అని మాత్రం చెప్పి పెట్టేశాడు."

"ఆ సమయానికి ఈ ఇంటివాళ్ళంతా అవతలి ఒడ్డున ప్రార్థన వింటున్నారు. పడవలో ఊరంతా సాక్షులు."

"ఇంట్లోవాడే ఫోన్ చెయ్యాలని ఎక్కడుంది? చూసినవాడెవడైనా చేస్తాడు."

"మసిలో వేలుపెట్టకుండా దూలం పైన ఉన్నది చూసినవాడా?"

ఎక్‌మన్ మొదటిసారి డబ్బా వైపు కాకుండా దూలం వైపు చూశాడు.

"ఒక ఉపకారం చెయ్యండి," అంది ఎల్నా. "పావుగంట. తర్వాత కూడా నేను చెప్పింది చాకిరేవు సాక్ష్యమే అనిపిస్తే, తిన్నగా తాంపెరె వెళ్ళిపోతాను. మీ దారికి అడ్డం రాను."

"అది మాత్రం ఊరించే మాటే."

*

ఎల్నా అందర్నీ సౌనా దగ్గరికి రమ్మంది. పాలేరూ పనిమనిషీ గడ్డికోతలో ఉన్నారు. ముసలావిడ ఎయివా-స్తీనా కొడుకు చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఇన్‌స్పెక్టర్‌ని తిట్టుకుంటూ దిగింది. హిల్యా వెనక నడిచింది. ఆర్వీ చివర వచ్చాడు.

అందరూ ఒడ్డున చేరాక ఎల్నా జేబులు తడుముకుంది. "అయ్యో, నా కళ్ళజోడు వంటింటి బల్ల మీదే వదిలేశాను. ఆర్వీగారూ, మీ కాళ్ళు కుర్రవి, కొంచెం తెచ్చిపెడతారా?"

"దానికేముందండీ," అంటూ అతను గట్టెక్కాడు. కళ్ళజోడు తెచ్చి ఇచ్చాడు. ఎల్నా దాన్ని పెట్టుకుని మరోసారి దూలం చూసి, "ఇక ఇంటికి పోదాం పదండి," అంది.

"ఇంతదానికా నన్ను దింపావు?" అంది ముసలావిడ.

పైకి వచ్చేసరికి అందరికన్నా ముందు ఆవిడే ఆగింది. కర్ర ఎత్తి చూపించింది.

"మళ్ళీనా!"

తలుపుకి చీపురు అడ్డంగా ఆనించి ఉంది.

ఆర్వీ చీపురు వైపూ వాళ్ళ వైపూ చూసి చిన్నగా నవ్వాడు. "నేనే పెట్టాను. ఇంట్లో ఎవరూ లేరుగా, చెయ్యి అలవాటు. మనదేశంలో సగం మంది చేసేదే."

"నిజమే. నేనూ చేస్తాను," అంది ఎల్నా. "ఈ ఇన్‌స్పెక్టర్ గారు చెయ్యరు. హెల్సింకి మేడల్లో తాళాలుంటాయి. మీరు హెల్సింకిలో పుట్టి పెరిగానని చెప్పుకుంటారటగా?"

"సరే, పల్లెటూరివాణ్ణే. పల్లెటూళ్ళో పుట్టడం నేరమా?"

"కాదు. నేరం చేస్తూ కూడా ఇంటి మర్యాద మరవకపోవడం మాత్రం మన పల్లెటూళ్ళవాళ్ళే చెయ్యగలరు. నిన్న ఇక్కడికొచ్చినవాడు పిలిచాడు, ఎవరూ పలకలేదు. పెద్దమ్మ మందు వేసుకుని నిద్రపోతోంది. వీళ్ళు చీపురు పెట్టడం మర్చిపోయారనుకుని, పని చూసుకుని వెళ్తూ తనే ఆనించి వెళ్ళాడు. ఈ ఒడ్డువాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. పడవలో ఆవిడ లేదని ప్రతి ఇంటికీ తెలుసు. తెడ్లు వేస్తూ అందరూ ఆవిడ కాలి సంగతే అడిగారు. ఆవిడ కూడా వెళ్ళిందని నమ్మినవాడు ఎవడు? హిల్యా, శనివారం ఎవరితోనైనా అన్నావా?"

హిల్యా ముఖంలో రంగు పోయింది. "ఆర్వీతో. ఫోన్ చేశాడు, రేపు రావచ్చా అని. అందరం చర్చికి పోతున్నాం, అత్తయ్య కూడా వస్తోంది, సోమవారం రా అన్నాను."

"ఇంకెవరితోనూ అనలేదు?"

"లేదు. లేదే!"

ఎక్‌మన్ ఒక అడుగు జరిగి ఆర్వీకీ మెట్లకీ మధ్య నిలబడ్డాడు. అయినా అతనికి ఒక సందేహం మిగిలింది. "డబ్బా సౌనాలో పెట్టినవాడికి ఇంట్లో ఏం పని?"

"అదే నాకూ కావాలి," అంది ఎల్నా. "ఈలిస్‌గారూ, ఇంట్లోంచి ఏం పోయింది?"

"ఏమీ పోలేదు..." అంటూనే ఆయన మాట ఆగింది. గబగబా లోపలికి వెళ్ళారు. సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చేసరికి ఆయన ముఖం తెల్లగా ఉంది.

"నా పిస్తోలు. కిందటేడు రౌడీమూకలు రాజకీయ నాయకుల్ని కార్లలో ఎత్తుకుపోయి సరిహద్దు దగ్గర దింపేసిన రోజుల్లో కొన్నాను. ఆదివారం పొద్దున ప్రార్థన పుస్తకం తీసినప్పుడు పక్కనే ఉంది."

"ఆ సంచి తెరువు," అన్నాడు ఎక్‌మన్.

ఆర్వీ కదల్లేదు. ఎక్‌మనే సంచి తీసుకుని వాకిలి బెంచీ మీద విప్పాడు. పైన టైపు చేసిన కాగితం. దాని కింద తువాల్లో చుట్టిన పిస్తోలు.

రాజీనామా కింద పడబోయే సంతకం. పక్కన సొంత పిస్తోలు. పరువు పోయిన మనిషి రాత్రి రైల్లో ఏం చేసుకున్నాడో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. హిల్యా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను చంపేవాణ్ణి కాదు!" అన్నాడు ఆర్వీ. "తెచ్చివ్వడం వరకే నా పని. నిన్న మోటారుసైకిల్ మీద వచ్చి, అటు నుంచి అటే పోయాను. ఇవాళ బండిలో ఇద్దరు ఉంటారు. మొదటి తరగతి పెట్టె తలుపు తీసి నేను దిగిపోవాలి. వాళ్ళ పేర్లు నాకు తెలియవు, ఒట్టు."

"ఎందుకురా?" అన్నది ముసలావిడే. తిట్టే గొంతు కాదు అది. "మీదే ఊరు?"

"కురు వైపు. మా నాన్న ఇల్లు వచ్చే నెల వేలానికి ఉంది. ఈ పని చేస్తే ఆ ఒక్క ఇల్లు వదిలేస్తామని అప్పిచ్చినవాళ్ళ మనుషులు అన్నారు."

ఈలిస్ అతని వైపు తిరిగారు. "ఏడాదిగా నా బల్ల పక్కనే కూర్చున్నావు. ఆ చట్టంలో ప్రతి మాటా నువ్వే టైపు చేశావు. రేపది గెలిస్తే మీ నాన్న ఇల్లు ఎలాగూ దక్కేది కదయ్యా."

"గెలుస్తుందని నేననుకోలేదు," అన్నాడు ఆర్వీ తల దించుకుని. "అలాంటివి మనవాళ్ళకి ఎప్పుడు గెలిచాయి?"

ఎయివా-స్తీనా గోడ పట్టుకుని మెల్లగా బెంచీ మీద కూర్చుంది. "మమ్మల్ని గుడిసెలోంచి వెళ్ళగొట్టిన రోజు నేల ఊడ్చి, తలుపుకి చీపురు ఆనించే వచ్చాను. భూస్వామి మనుషులు కప్పు పీకుతూ నవ్వారు. వీడు ఏడవలేదు. అమ్మా, ఇంకెవరూ ఇలా చెయ్యకూడదే అన్నాడు. ఆ ఒక్క మాట కోసం వీడు ఇంతదూరం వచ్చాడు. నువ్వు దాన్ని అమ్మబోయావు." మళ్ళీ తనే, "పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా?" అంది.

*

భోజనానికి పొయ్యిలో కాల్చిన పెద్ద చేప, ఉడికించిన బంగాళాదుంపలు, మజ్జిగ, రొట్టె. ఎక్‌మన్‌ని మూడుసార్లు పిలిస్తే గానీ బల్ల దగ్గరికి రాలేదు. వచ్చాక ఆర్వీని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దోషికి అన్నం పెట్టడమేమిటని అడగబోయి, ముసలావిడ ముఖం చూసి మానుకున్నాడు.

"సారికోస్కిగారూ," అన్నాడు దుంప తొక్క తీస్తూ, "మీరు పోలీసుశాఖలో లేకపోవడం నాకిప్పటికీ సంతోషమే. ఉంటే నా పైఅధికారి అయ్యేవారు."

"అప్పుడు ఆ చేతితొడుగులు తీయించేదాన్ని."

హిల్యా నవ్వలేదు. ఆమె చేప ముట్టుకోలేదు. "బండిలో వాళ్ళిద్దరూ ఇంకా ఉంటారు. పేర్లు తెలియవు, ముఖాలు తెలియవు. ఈలిస్, ఒక్క రాత్రి ఆగితే ఏం?"

"ఆగితే ఓటు రేపు పొద్దున నేను లేకుండా అవుతుంది."

"ఓటు కన్నా ప్రాణం పెద్దది కాదా?"

"నాకు నువ్వెంత పెద్దో ఆ ఇళ్ళల్లోవాళ్ళకీ వాళ్ళవాళ్ళంతే." ఆయన చాకు కింద పెట్టారు. బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ చూశారు. "వినండి. నేను రాజీనామా చెయ్యట్లేదు. ఇవాళ్టి బండికే వెళ్తున్నాను. మొదటి తరగతిలో కాదు, మూడో తరగతిలో, సంతకెళ్ళి వచ్చే జనం మధ్య. అక్కడ తలుపు తీసి ఒంటరిగా పట్టుకోవడానికి ఎవరికీ కుదరదు. రేపు సభలో మొదట సారా డబ్బా గురించి నేనే చెప్తాను, దాచకుండా. తర్వాత ఓటు జరుగుతుంది. గెలిస్తే కురులో ఆ ముసలాయన ఇల్లు కూడా నిలుస్తుంది."

ఆర్వీ చేతిలో రొట్టెముక్క అలాగే ఆగిపోయింది.

"నా ఇద్దరు పోలీసులూ అదే పెట్టెలో ఎక్కుతారు," అన్నాడు ఎక్‌మన్. "నేనూ ఎక్కుతాను. మూడో తరగతి నాకు కొత్తే."

"చెక్క బల్లలు. దిండు తెచ్చుకోండి," అంది ఎల్నా. "నా టికెట్ కూడా అందులోనే."

హిల్యా లేచి గోడకున్న తన ప్రయాణపు కోటు తీసి కుర్చీ మీద వేసుకుని మళ్ళీ కూర్చుంది. చేప తన పళ్ళెంలోకి లాక్కుంది.

ఎయివా-స్తీనా గిన్నెలో మిగిలిన వాటిలో పెద్ద బంగాళాదుంప ఏరి కొడుకు పళ్ళెంలో వేసింది.

"తిను," అంది. "రేపు చాలాసేపు నిలబడి మాట్లాడాలి."